హీలియంతో 24 శాతం, పాదరసంతో 19 శాతం: ఏ సచ్ఛిద్రతను నమ్మాలి?

కోర్‌ప్లగ్: మూడు రోజులుగా ఈ లెక్క తెగడం లేదు. ఒకే సున్నపురాయి ప్లగ్‌కు, అంటే పరీక్షకు కోసిన చిన్న స్తంభం లాంటి ముక్కకు, హీలియం పోరోసిమీటరు 24 శాతం సచ్ఛిద్రత (రాతి మొత్తంలో ఖాళీల వాటా) చూపింది. తరువాత అదే ప్లగ్‌లోకి పాదరసాన్ని 60,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) దాకా ఎక్కించినా 19 శాతం దాటలేదు. మిగిలిన 5 శాతం అంత ఒత్తిడికీ లొంగని నానో రంధ్రాల్లో ఉందా? దయచేసి ఎవరైనా చెప్పండి.

బండరాయి: ప్లగ్ ఘనపరిమాణం దేనితో కొలిచారు? ఫొటో పెట్టండి.

పలుచనికోత: అంకెలకన్నా ముందు రాతిని చూడాలి. నీలిరంగు రెసిన్ ఎక్కించిన పలుచని కోతను సూక్ష్మదర్శిని కింద పెడితే, కరిగిపోయిన గవ్వ వదిలిన అచ్చు, రేణువుల మధ్య సందు, సున్నపు బురద స్ఫటికాల నడుమ ఇరుకు ఖాళీ, మూడూ వేర్వేరుగా కనబడతాయి. భూవిజ్ఞానులు చొకెట్, ప్రే 1970లోనే వీటిని వర్గీకరించారు. 1974లో చమురు దొరికిన ముంబై హై సున్నపురాయీ, చుక్క నీరు పీల్చని మన కడప నాపరాయీ పేరుకు ఒకే జాతివి. తేడా అంతా ఈ ఖాళీల్లోనే ఉంది.

పదశోధన: పాదరసం కొలిచేది రంధ్రాన్ని కాదు, రంధ్రకంఠాన్ని, అంటే రంధ్రంలోకి వెళ్లే ఇరుకు దారిని. వాష్‌బర్న్ 1921లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఒత్తిడి చెప్పేది దారి ఎంత ఇరుకో మాత్రమే. దాని వెనుక గది ఎంత పెద్దదైనా అదే కంఠం లెక్కలోకి వస్తుంది.

పలుచనికోత: ల్యాబులో కంఠమని ఎవరూ అనరు, త్రోట్ అనే అంటారు.

పదశోధన: అనరు కనుకనే విద్యార్థులు పాదరసం పరీక్ష ఇచ్చే రేఖాచిత్రాన్ని రంధ్రాల కొలతగా చదువుతున్నారు.

కోర్‌ప్లగ్: ఘనపరిమాణం హీలియం పరీక్షకు కాలిపర్స్‌తో (పొడవు, వ్యాసం కొలిచే పరికరం) కొలిచాను, పాదరసం పరీక్షకు యంత్రమే తీసుకుంది. ప్లగ్ పైన మూడు నాలుగు చోట్ల శనగగింజ పట్టేటన్ని గుంతలున్నాయి. అలాంటి రాతిలో అవి మామూలే కదా అని రాయలేదు.

బండరాయి: మీ 5 శాతం ఆ గుంతల్లోనే ఉంది. అర పీఎస్‌ఐ దగ్గర యంత్రం లెక్క మొదలుపెట్టేసరికే, సుమారు 0.4 మిల్లీమీటర్లకు మించి తెరుచుకున్న ప్రతి ఖాళీనీ పాదరసం నింపేసి ఉంటుంది, యంత్రం దాన్ని రాతి బయటి భాగంగా తీసేస్తుంది. 100 పాళ్ల ప్లగ్‌లో ఖాళీ 24 అనుకోండి. గుంతలవి 6 పోతే 94లో 18 మిగులుతుంది, అంటే 19 శాతమే. నానో రంధ్రాలతో పని లేదు.

పలుచనికోత: అయితే ఆ గుంతలు రాతిలో పుట్టినవా, రంపం కోసినప్పుడు ఊడినవా? ఊడినవైతే 24 కూడా ఎక్కువే.

కోర్‌ప్లగ్: పాదరసం లెక్కను కాలిపర్స్ ఘనపరిమాణంతో, గుంతలనూ కలిపి మళ్లీ కట్టాను, 24కు దగ్గరగా వచ్చింది. ధన్యవాదాలు.