తాత్కాలిక ప్రొఫైల్ వచ్చాక మాయమైన పాత మెయిల్: మీరు ఎలా తిరిగి పొందారు?

గుంటూరు గుమాస్తా:
అందరికీ నమస్కారం. నేను ఒక ఆడిటరు గారి కార్యాలయంలో పనిచేస్తున్నాను. శనివారం సాయంత్రం కరెంటు పోయి, యూపీఎస్ కూడా నిలబడక కంప్యూటరు ఉన్నపళంగా ఆగిపోయింది. సోమవారం ఉదయం తెరిచేసరికి డెస్క్‌టాప్‌పై ఒక్క ఫైలూ లేదు. తాత్కాలిక ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారన్న సందేశం మాత్రం మూలన కనిపించింది. మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ తెరిస్తే, ఈ రోజే ఇన్‌స్టాల్ చేసినట్టు మెయిల్ చిరునామా, పాస్‌వర్డ్ ఇవ్వమని అడుగుతోంది. మాది మెయిల్‌ను సర్వరు నుంచి కంప్యూటరులోకి దింపుకునే పాప్ ఖాతా కనుక 2014 నుంచి క్లయింట్లు పంపిన మెయిళ్లన్నీ ఈ ఒక్క యంత్రంలోనే ఉన్నాయి, సర్వరులో ప్రతులు లేవు. ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేయడం తప్ప మార్గం లేదని మరమ్మతు దుకాణం వారు అంటున్నారు. ఒప్పుకునే ముందు ఇక్కడ అడుగుదామని రాస్తున్నాను.

పాత కీబోర్డు:
ఒప్పుకోకండి. మీ మెయిల్ దాదాపు ఖచ్చితంగా డిస్కులోనే ఉంది. మీ ప్రొఫైల్‌ను, అంటే మీ ఫైళ్లు, సెట్టింగులు ఉండే యూజరు ఫోల్డరును, తెరవలేకపోయినప్పుడు విండోస్ మీకు అప్పటికప్పుడు ఒక ఖాళీ ప్రొఫైల్ ఇచ్చి, లాగాఫ్ కాగానే దానిలోనివన్నీ చెరిపేస్తుంది. అందుచేత థండర్‌బర్డ్ అడుగుతున్న చిరునామాను, పాస్‌వర్డ్‌ను దయచేసి ఇవ్వకండి. ఇస్తే, సర్వరులో ప్రతిని ఉంచమన్న సెట్టింగు లేనిపక్షంలో, ఈ రెండు రోజులలో వచ్చిన కొత్త మెయిల్ తాత్కాలిక ప్రొఫైల్‌లోకి దిగి, సర్వరు నుంచి తొలగిపోయి, సాయంత్రం మీరు లాగాఫ్ చేయగానే అక్కడ కూడా లేకుండా పోతుంది. పాత మెయిల్ సంగతి చూడబోయి కొత్తది పోగొట్టుకున్నవారిని నేను ఇద్దరిని చూశాను.

ముందుగా సి డ్రైవులోని యూజర్స్ ఫోల్డరు తెరిచి, మీ పాత పేరుతో ఉన్న ఫోల్డరులో యాప్‌డేటా, దానిలో రోమింగ్, దానిలో థండర్‌బర్డ్, దానిలో ప్రొఫైల్స్ వరకు వెళ్లండి. యాప్‌డేటా దాచి ఉంచిన ఫోల్డరు కనుక హిడెన్ ఐటెమ్స్ కనిపించేలా వ్యూ మెనూలో టిక్ పెట్టాలి. అనుమతి లేదని అడ్డుపడితే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో కంటిన్యూ నొక్కండి.

గుంటూరు గుమాస్తా:
దొరికిందండీ. ప్రొఫైల్స్‌లో ఎనిమిది అక్షరాల అర్థంలేని పేరుతో ఒక ఫోల్డరు ఉంది. దానిలోని మెయిల్ ఫోల్డరులో ఇన్‌బాక్స్ అనే పేరుతో, ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా, 3.1 జీబీ ఫైలు ఒకటి, పక్కనే అదే పేరుతో ఎంఎస్ఎఫ్ అనే చిన్న ఫైలు ఒకటి కనిపిస్తున్నాయి. మార్పు తేదీ శనివారమే. థండర్‌బర్డ్ ఫోల్డరు మొత్తాన్ని ఇప్పుడే ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ చేస్తున్నాను.

వాల్తేరు వాసి:
మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ వాడేవారి కోసం నా అనుభవం కూడా చేరుస్తున్నాను. పాప్ ఖాతా మెయిల్ పీఎస్‌టీ ఫైలులో ఉంటుంది. ఔట్‌లుక్ 2010 నుంచి అది మామూలుగా డాక్యుమెంట్స్‌లోని ఔట్‌లుక్ ఫైల్స్ ఫోల్డరులోనూ, అంతకు ముందు వెర్షన్లలో యాప్‌డేటా లోపలా ఉండేది. కొత్త ప్రొఫైల్ నుంచి ఫైల్ మెనూలో ఔట్‌లుక్ డేటా ఫైల్ ఓపెన్ చేస్తే పాత ఫోల్డర్లన్నీ ఎడమవైపు వచ్చేస్తాయి. తెరుచుకోకపోతే ఔట్‌లుక్‌తో పాటే వచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే మరమ్మతు పనిముట్టును వాడవచ్చు, కానీ కాపీ మీద మాత్రమే నడపండి. మెయిల్‌ను సర్వరులోనే ఉంచే ఐమాప్, ఎక్స్‌ఛేంజ్ ఖాతాలకు ఉండే ఓఎస్‌టీ ఫైలు సర్వరులోని మెయిల్‌కు ప్రతి మాత్రమే కాబట్టి, ఖాతాను మళ్లీ కలిపితే మెయిల్ దానంతటదే దిగుతుంది.

గోదావరి గట్టు:
నా కథ ఇంత బాగా ముగియలేదు. మా కార్యాలయానికి వచ్చిన టెక్నీషియన్ సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని యూజర్ ప్రొఫైల్స్ జాబితాలో చెడిపోయిన పేరును ఎంచుకొని డిలీట్ నొక్కారు. అది జాబితాలోని పేరుతో ఆగదు, ఫోల్డరును కూడా తీసేస్తుంది. డిస్కు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని, చిప్‌లతో పనిచేసే రకం. చెరిపిన ఫైళ్లు ఉన్న భాగాలను ట్రిమ్ ఆదేశం ద్వారా ఎస్ఎస్‌డీ తానే ఖాళీ చేసుకుంటుంది కనుక, పాత హార్డ్ డిస్కులలో పనిచేసే రికవరీ సాఫ్ట్‌వేర్లు మాకు ఖాళీ ఫైళ్లనే చూపించాయి. చివరకు ముఖ్యమైన క్లయింట్లకు ఫోన్ చేసి, మేము పంపిన మెయిళ్లనూ వారు పంపినవాటినీ ఫార్వర్డ్ చేయమని బతిమాలుకోవలసి వచ్చింది. నలభై మందిని అడిగితే ఇరవై మంది పంపారు.

పాత కీబోర్డు:
గుంటూరు గారూ, కాపీ అయ్యాక విండోస్ సెట్టింగులు ఉండే రెజిస్ట్రీలోని ప్రొఫైల్‌లిస్ట్ చూడండి. ఎస్-1-5-21తో మొదలయ్యే ఒకే పొడవాటి సంఖ్య రెండుసార్లు ఉండి, ఒకదాని చివర .బాక్ (.bak) ఉంటే, అదే మీ అసలు ప్రొఫైల్. ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసుకొని, .బాక్ లేనిదాని పేరు మార్చి, ఉన్నదాని చివర నుంచి .బాక్ తీసేసి, రీస్టార్ట్ చేయండి.

వాల్తేరు వాసి:
ఇక్కడ నాది వేరే అభిప్రాయం. కరెంటు పోయినప్పుడు యూజరు సెట్టింగులు ఉండే NTUSER.DAT అనే ఫైలు దెబ్బతిని ఉంటే, పేర్లు ఎంత మార్చినా తాత్కాలిక ప్రొఫైలే తిరిగి వస్తుంది. కొత్త విండోస్ ఖాతా తెరిచి మెయిల్‌ను దానిలోకి మార్చుకోవడమే మేలు.

గుంటూరు గుమాస్తా:
ఇద్దరి మాటా విన్నాను. రెజిస్ట్రీలో మార్పు చేసి రీస్టార్ట్ చేస్తే వాల్తేరు వారు చెప్పినట్టే మళ్లీ తాత్కాలిక ప్రొఫైలే వచ్చింది. అప్పుడు కొత్త విండోస్ ఖాతా తెరిచి, కాపీ చేసిన ఫోల్డరును దానిలో పెట్టి, థండర్‌బర్డ్ ప్రొఫైల్ మేనేజరులో కొత్త ప్రొఫైల్ సృష్టించేటప్పుడు అందులోని ఆ ఎనిమిది అక్షరాల ఫోల్డరునే చూపించాను. తెరవగానే ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపించి గుండె ఆగినంత పనైంది. తరువాత అర్థమైంది, ఎంఎస్ఎఫ్ అనేది సూచిక మాత్రమే, అది పాడైంది. థండర్‌బర్డ్ మూసి, ఆ చిన్న ఫైలును తీసేసి మళ్లీ తెరిస్తే, కింద గీత నెమ్మదిగా కదులుతూ సూచిక మళ్లీ తయారైంది. 2014 ఏప్రిల్ నాటి మొదటి మెయిల్ కూడా వచ్చింది. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కూడా అదే ఫోల్డరులో ఉండడంతో మళ్లీ అడగలేదు.

పాత యూజరు ఫోల్డరును ఇంకా తీసేయలేదు, రిటర్నుల పని ముగిసేదాకా తీసేయను కూడా. దుకాణం వారికి యూపీఎస్ బ్యాటరీ మార్చే పని మాత్రం అప్పగించాను.