ఎండల్లో పిల్లాపాపలతో అంతర్వేది: నరసాపురం పంటా, చించినాడ వంతెనా?

వశిష్ఠ ఒడ్డు:
సెలవులు ఇచ్చారంటే మన వైపు ఈ తగువు మొదలవుతుంది. భీమవరం, మొగల్తూరు, నరసాపురం వైపు నుంచి కారులో అంతర్వేది నరసింహస్వామి గుడికి వెళ్లడానికి రెండు దార్లు. ఒకటి, నరసాపురం రేవులో కారుని పంటు (బండ్లనీ మనుషుల్నీ రేవు దాటించే పడవ) ఎక్కించి, గోదారి పాయ వశిష్ఠ దాటి, అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో దిగడం. రెండోది, పాలకొల్లు మీదుగా 216 నంబరు జాతీయ రహదారి పట్టుకుని చించినాడ వంతెన దాటి, దిండి, శివకోడు, మలికిపురం చుట్టి సఖినేటిపల్లి చేరడం. మే నెల, కారులో అయిదుగురు, అందులో ఒక పెద్దావిడ, ఇద్దరు చిన్నపిల్లలు అనుకుందాం. ఏ దారి మంచిదో కారణాలతో చెప్పండి. "చాలాసార్లు వెళ్లాం, ఏమీ కాలేదు" అన్నది కారణం కిందకి రాదని మనవి.

రేవు మనిషి:
నా మాట పంటుకే. నరసాపురం, మొగల్తూరు వాళ్లకి సఖినేటిపల్లి ఎదురొడ్డునే కనిపిస్తూ ఉంటుంది. దానికోసం పాలకొల్లు దాకా ఎగువకి పోయి, వంతెన దాటి, మళ్లీ నది వెంబడి దిగువకి రావడం వృథా తిరుగుడు. పాలకొల్లు పక్కనుంచి వచ్చేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి వంతెనే దగ్గర.

కాకపోతే ఎక్కించడం తెలిసి ఎక్కించాలండి. నరసాపురం దగ్గర వశిష్ఠకి సముద్రపు పోటు తగులుతుంది. పోటు మీద ఉన్నప్పుడు పంటు బల్లలు ర్యాంపుకి దాదాపు సమానంగా ఉంటాయి. పాటులో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, పంటు కిందకి దిగిపోతుంది, ర్యాంపు వాలు పెరుగుతుంది. ఎత్తు తక్కువ కార్లకి ముందు బంపరో, వెనక సైలెన్సరో గీసుకునేది అప్పుడే. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల మీద 25 నిమిషాలు పడుతుంది. అంటే నిన్న పొద్దున్న 7 గంటలకి నిండు పోటు ఉంటే ఇవాళ 8 అవడానికి పది నిమిషాలు తక్కువకి వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటుపాట్ల తేడా బాగా ఎక్కువ. క్యాలెండరు చూసుకుని, రేవులో ఒక మాట అడిగి బయలుదేరితే బంపరు దక్కుతుంది.

ఎక్కించే ముందు డ్రైవరు తప్ప అందరూ దిగిపోవాలి. బరువు తగ్గితే కారు అడుగు భాగం కాస్త లేస్తుంది, అదే చాలాసార్లు సరిపోతుంది. నాలుగు అద్దాలూ దించి, సీటు బెల్టు విప్పి, తలుపుల లాకు తీసి, మొదటి గేరులో ఒకే ఊపున నెమ్మదిగా ఎక్కాలి. సగంలో ఆగి క్లచ్ మీద వేలాడితే బండి వెనక్కి జారుతుంది. పైకి వచ్చాక ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులోనే వదిలి, చక్రాలకి ముందూ వెనకా చెక్కముక్కలు అడ్డం పెట్టించుకోవాలి. ఎండగా ఉందని పిల్లల్ని కారులో కూర్చోబెట్టి నది దాటించడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. లైఫ్ జాకెట్లు అడిగి తీసుకుని వేసుకోండి. ఇవ్వకపోతే ఆ పంటు వదిలేయండి.

అమలాపురం అత్తయ్య:
రేవు మనిషి గారు చెప్పినవన్నీ నిజమే. ఆ జాగ్రత్తలు చదివితేనే నాకు వంతెన నయం అనిపిస్తోంది! పెద్దావిడని ర్యాంపు మీద దింపి, వాలులో నడిపించి, పంటు మీద నిలబెట్టాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి తడి బల్లల మీద నడక అంటే ఎంత భయమో ఆలోచించండి. రద్దీ రోజున రేవులో వరస ఎంతుంటుందో, పంటు ఎప్పుడు నిండుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఎదురుచూపంతా ఎండలోనే.

పైగా మే నెలలో సాయంత్రం గాలివాన ఎప్పుడు లేస్తుందో తెలియదు. గాలి లేస్తే పంటు ఆపేస్తారు, ఆపాలి కూడా. అప్పుడు చీకటి వేళ ఎటూ వంతెన చుట్టే గతి. అలాంటప్పుడు పొద్దున్న మిగిలిన సమయం రాత్రికి రెండింతలు పోతుంది.

లాకుల దారి:
మూడో మార్గం ఎవరూ చెప్పలేదు. కారు నరసాపురంలో నీడన పెట్టేసి, మనుషులు మాత్రం పంటు ఎక్కండి. సఖినేటిపల్లి రేవులో ఆటోలు ఉంటాయి, అంతర్వేది పెద్ద దూరం కాదు. బంపరు గొడవ లేదు, వరసలో కారు గొడవ లేదు. గాలివాన వస్తే సఖినేటిపల్లి నుంచి రాజోలు వెళ్లి పాలకొల్లు బస్సు ఎక్కొచ్చు.

అమలాపురం అత్తయ్య:
బాగానే ఉంది కానీ తమ్ముడూ, చంటిపిల్ల బట్టలు, నీళ్ల క్యాను, అన్నం గిన్నెలు ఎవరు మోస్తారు? పెద్దావిడ లేని కుటుంబానికి మీ మాట బాగా కుదురుతుంది. అది నేనూ ఒప్పుకుంటాను.

పానా పట్టినోడు:
ఏ దారైనా ముందు బండి సంగతి చూడండి. పంటుకీ వంతెనకీ మధ్య బండికి తెలిసే తేడా ఒకటుంది. హైవే మీద పోతున్నప్పుడు రేడియేటరుకి గాలి ఎదురు తగులుతుంది. రేవు వరసలో ఏసీ వేసుకుని నిలబడితే ఎదురుగాలి ఉండదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. ఫ్యాను బలహీనపడిన బండి పాలకొల్లు రోడ్డు మీద మామూలుగానే ఉండి రేవులో ఇంజను వేడి చూపే ముల్లు పైకి ఎక్కిస్తుంది. బయలుదేరే ముందు రోజు ఇంటి దగ్గర ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తరవాత రిలే, ఆఖరున మోటారు చూడాలి. ఈ వరసలో చూస్తే అనవసరంగా మోటారు మార్పించుకోరు.

ముందు జాలీ కూడా చూడండి. దాళ్వా (రెండో పంట వరి) నూర్పిళ్ల రోజుల్లో పొట్టు, తుక్కు, పురుగులు రేడియేటరు ముందుండే ఏసీ కండెన్సరు రెక్కల్లో ఇరుక్కుంటాయి. మామూలు నీళ్ల పైపుతో మెల్లగా కడగాలి. ప్రెజర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వాలిపోయి ఉన్న గాలి కూడా ఆడదు.

దారిలో ముల్లు ఎక్కిందనుకోండి. ఏసీ ఆపండి, హీటరు పూర్తిగా వేయండి (ఉక్కపోసినా సరే, ఇంజను వేడిని కొంత లాగుతుంది), నీడ చూసి బండి పక్కకి తీసి ఆపండి. అరగంట ఆగకుండా రేడియేటరు మూత మీద చెయ్యి వెయ్యకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి వస్తుంది. చల్లారాక రిజర్వు డబ్బాలో కూలెంటు పోయండి. దిగువన సఖినేటిపల్లి, మలికిపురం పక్క చాలా బోర్ల నీరు ఉప్పన, ఆ నీళ్లు పోస్తే అల్యూమినియం భాగాలు తినేస్తుంది. గత్యంతరం లేకపోతే తాగే నీళ్ల టిన్ను వాడి, ఇంటికొచ్చాక మొత్తం దింపించి కూలెంటు నింపించండి.

లారీ సైడు:
దీనికి తోడు ఒక మాట. ఎండల్లో టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు (పీఎస్ఐ) తగ్గించుకోవాలి. వేడికి గాలి వ్యాకోచించి పేలతాయి.

పానా పట్టినోడు:
కాదన్నయ్యా, ఈ నమ్మకం వల్లే టైర్లు పేలుతున్నాయి. డ్రైవరు తలుపు పక్క చీటీ మీద ఉండే అంకె చల్లటి టైరుకి ఇచ్చింది. పరుగు మీద పెరిగే నాలుగైదు పాయింట్లు లెక్కలో వేసుకునే ఆ అంకె ఇచ్చారు. గాలి తగ్గిస్తే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, వంగుడుకి వేడి పుడుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. అయిదుగురు, డిక్కీ నిండా సామాను ఉంటే ఆ చీటీలోనే నిండు బరువుకి వేరే అంకె ఉంటుంది, వెనక టైర్లకి కాస్త ఎక్కువ. అదే పెట్టండి. తెల్లారి బండి కదలకముందే కొట్టించండి. దారిలో వేడి మీద చూసి ఎక్కువుందని గాలి తీయించకండి.

టైరు వయసు కూడా చూడండి. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గాట్లు ఎంత లోతున్నా, గోడ మీద వెంట్రుక పగుళ్లు కనిపిస్తే ఎండల్లో ఆ టైరుతో దూరం వద్దు. స్టెప్నీలో గాలి ఎవరూ చూడరు, అదీ చూడండి.

లారీ సైడు:
చల్లటి టైరు అంకె అన్న సంగతి నేను ఆలోచించలేదు. చీటీ మాటే ఖాయం చేసుకుంటాను.

లాకుల దారి:
వచ్చేటప్పుడు అదే దారిన రాకుండా కోనసీమ చూసుకుంటూ రావచ్చు. రాజోలు, తాటిపాక, మామిడికుదురు దగ్గర అప్పనపల్లి బాలబాలాజీ, తరవాత పి.గన్నవరం. అక్కడ వైనతేయ అనే గోదారి పాయ మీదుగా కాలవని దాటించిన అక్విడక్టు పిల్లలకి తప్పకుండా చూపించండి. కింద నది, పైన కాలవ! కాటన్ దొర కాలపు పాతది, కొత్తది పక్కపక్కనే ఉంటాయి. ఆ పైన కొత్తపేట, లొల్ల లాకులు, ఆత్రేయపురం. కాలవగట్టు రోడ్డంతా చెట్ల నీడే. తరవాత రావులపాలెం, సిద్ధాంతం వంతెన దాటి పెనుగొండ మీదుగా ఇల్లు చేరొచ్చు.

పానా పట్టినోడు:
దారి అందంగానే ఉంటుంది, కాదనను. కానీ దాళ్వా కోతల రోజుల్లో గట్టు రోడ్ల మీద ధాన్యం ఎండబోస్తారు, సగం రోడ్డు ఉండదు. రాశి చుట్టూ రాళ్లు పేరుస్తారు, చీకట్లో అవి కనపడవు. ఎండుగడ్డి పరిచిన చోట బండి ఆపకండి. కింద పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, గడ్డి తగిలితే అంటుకుంటుంది. కాలవలకి నీళ్లు ఆపేశాక అడుగు బయటపడి గట్టు ఎంత ఎత్తో తెలుస్తుంది. చాలాచోట్ల రైలింగు లేదు. ఎదురుగా ట్రాక్టరు వస్తే కాలవ పక్కకి జరగకండి, వెడల్పున్న చోటే ఆగి దాన్ని పోనివ్వండి. మట్టి మార్జిను పైకి గట్టిగా కనిపించి చక్రం కింద విరుగుతుంది. పంక్చరు పడితే జాకీ కింద అడుగు పొడవు పలక వేయాలి, లేకపోతే మట్టిలోకి దిగిపోతుంది. ఆ పలక ఇంటి నుంచే వేసుకెళ్లండి.

గట్టు దారి పగలే. చీకటి పడితే వచ్చిన దారినే చించినాడ మీదుగా రండి.

అమలాపురం అత్తయ్య:
అంతర్వేది, అప్పనపల్లి, లాకులు, ఆత్రేయపురం ఒక్క రోజులో పెడితే పిల్లలు ఏడుస్తారు, పెద్దావిడ పడుకుంటుంది. మధ్యాహ్నం గుళ్ల తలుపులు వేసేస్తారు, ఆ వేళకి ఎండ నడినెత్తిన ఉంటుంది. రెండు చోట్లు చాలు. శనివారమైతే ఆత్రేయపురం పక్క అసలు పెట్టుకోవద్దు, వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో రోడ్డు కదలదు.

తిండి విషయం. దద్దోజనం పొద్దున్న పూర్తిగా పెరుగుతో కలిపితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. గోరువెచ్చటి అన్నంలో పాలు ఎక్కువ పోసి, ఒక చెంచా పెరుగు మాత్రం కలిపి వేసుకెళ్లండి, తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది. పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది, కానీ వేడి మీద మూత పెట్టకుండా చల్లార్చి సర్దాలి. కారులో వాంతులయ్యే పిల్లలకి బయలుదేరే ముందు పాలు, నూనె సరుకు పెట్టకండి. ఒక ఇడ్లీ చాలు. ఫోను చేతికి ఇవ్వకుండా ఎదుటి రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి.

రేవు మనిషి:
కోనసీమలో దాహానికి బెంగేముంది అత్తయ్య గారూ, అడుగడుక్కీ కొబ్బరిబోండాలే కదా.

అమలాపురం అత్తయ్య:
దాహానికి సరే బాబూ. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం బోండాం చాలదు. అందులో పొటాషియం ఎక్కువ, పోయిన ఉప్పుకి సరిపడా సోడియం ఉండదు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో ఉంచుకోండి. లీటరు పొట్లం లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలి, సగం పొట్లం గ్లాసులో వేసి చిక్కగా ఇస్తే పిల్లకి హాని. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, కొలత తలగొట్టి. పిల్ల మగతగా పడుకుని లేవకపోయినా, ఒళ్లు కాలిపోతూ చెమట పట్టకపోయినా దర్శనం మానేసి దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి, "రెండు నిమిషాల్లో వస్తాం" అని నిద్రపోయే పిల్లని మూసిన కారులో వదలొద్దు. పది నిమిషాల్లో లోపలి వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది.

సంగమం కాడ:
అంతర్వేది వెళ్లినవాళ్లు ఎటూ అన్నాచెల్లెళ్ల గట్టు చూస్తారు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటది. చూడండి, నీళ్లలోకి దిగకండి. పాటు మొదలైతే నది నీరూ పోటు నీరూ కలిసి సముద్రంలోకి లాగుతాయి, ఈత వచ్చినవాడు కూడా ఎదురీదలేడు. కింద ఇసక మేటలు రోజురోజుకీ జరుగుతుంటాయి కాబట్టి నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు. ఎండాకాలం ఎగువన గోదారిలో కూడా ఇదే ప్రమాదం. నీరు తగ్గి లంకలు తేలి ఉంటాయి, ఇసక తవ్విన గుంతలు పైకి కనపడవు. స్నానం మెట్లున్న రేవులోనే, గొలుసు పట్టుకునే.

కారు బీచిలోకి తోలకండి. తోలి ఇరుక్కుంటే ఎక్సలేటరు తొక్కి చక్రం తిప్పేకొద్దీ లోపలికే పోతుంది. అందరూ దిగి, చక్రాల ముందు ఇసక తోడి, కొబ్బరి మట్టలు పొడుగ్గా పరిచి, లాగే చక్రాల గాలి 18 పాయింట్ల దాకా తీసి, రెండో గేరులో మెల్లగా తియ్యండి. గాలి తగ్గించడానికి పనికొచ్చే చోటు ఇదొక్కటే, లారీ సైడు గారూ. రోడ్డెక్కగానే మళ్లీ కొట్టించాలి. ఆ రాత్రే అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి, బ్రేకు పైపుల మీద ఉప్పు ఆరితే తుప్పు అక్కడే పుడుతుంది.

వశిష్ఠ ఒడ్డు:
ఇంతవరకూ చూస్తే పెద్దావిడ ఉన్న కారుకి వంతెన, నడవగలిగే కుటుంబానికి మనుషులు మాత్రం పంటు అన్న మాట గట్టిగా నిలబడింది. రేవు మనిషి గారూ, కారు ఎక్కించాలనే మీ మాట మీద ఇంకా ఉన్నారా?

రేవు మనిషి:
నరసాపురం వాళ్ల విషయంలో ఉన్నానండి. పొద్దున్న మొదటి పంట్లలో, పోటు మీద, కారు ఖాళీ చేసి ఎక్కించండి. తిరుగుప్రయాణం మాత్రం వంతెన మీదుగా పెట్టుకోండి, గాలివాన విషయంలో అత్తయ్య గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. పెద్దావిడ కోసం ఒక మడత కుర్చీ డిక్కీలో వేసుకుంటే రేవులోనూ పంటు మీదా కూర్చోవచ్చు.

అమలాపురం అత్తయ్య:
కుర్చీ సరే, వాలు ర్యాంపు మాత్రం ఆవిడ నడిచే దిగాలి కదా. ఆవిడ ఉంటే నాది వంతెనే.