ఓజీటీ రాబిట్ పాలీక్లోనల్ యాంటీబాడీ: కొత్త లాట్‌లో 78 దగ్గర ఇంకో బ్యాండ్, నమ్మొచ్చా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ మూడో ఏడాది. హెక్ 293 కణాల్లో ఓజీటీని, అదే ప్రొటీన్లలో సెరిన్, త్రియోనిన్‌ల మీదికి గ్లక్‌నాక్ చక్కెరను ఎక్కించే ఎంజైమ్‌ని, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తుపట్టే పద్ధతి) చూస్తున్నాను. రాబిట్ పాలీక్లోనల్, 1:1000, 5 శాతం పాలపొడిలో, రాత్రంతా కోల్డ్ రూమ్‌లో. పాత వయల్‌తో 110 కిలోడాల్టన్ల దగ్గర ఒకటే బ్యాండ్ వచ్చేది. అదే కేటలాగ్ నంబరుతో కొత్తది తెప్పించాక 78 దగ్గర ఇంకోటి, దాదాపు అంతే నల్లగా. ఐపీ (యాంటీబాడీ తగిలించిన పూసలతో ప్రొటీన్‌ని లాగడం) చేసి అదే యాంటీబాడీతో బ్లాట్ చేస్తే 50 దగ్గర పెద్ద మచ్చ. సోమవారం ల్యాబ్ మీటింగ్, ఒకటే టెన్షన్. 78ది ఓజీటీ పొట్టి రూపం అనుకోవచ్చా?

బెంచ్‌పక్కన:
50 మచ్చ గురించి దిగులు వద్దండి. అది మీరు ఐపీలో వేసిన కుందేలు యాంటీబాడీ హెవీ చెయిన్. శాంపిల్ మరిగించగానే పూసల నుంచి ఊడొస్తుంది, యాంటీ-రాబిట్ సెకండరీ యాంటీబాడీ దాన్నే పట్టుకుంటుంది. 25 దగ్గర లైట్ చెయిన్ కూడా కనిపించాలి. ఐపీ బ్లాట్‌కి మౌస్ మోనోక్లోనల్ (ఎలుక యాంటీబాడీ) వాడండి.

పాత_పోస్ట్‌డాక్:
78ని అప్పుడే ఏదీ అనుకోకు తమ్ముడూ. ఓజీటీకి 110, 103 (మైటోకాండ్రియాది), 78 అని మూడు రూపాలున్న మాట నిజమే, నంబరు కలిసేసరికి ఎవరికైనా ఆశ పుడుతుంది. ముందు డేటాషీట్‌లో ఇమ్యునోజెన్, అంటే యాంటీబాడీ కోసం కుందేలుకి ఎక్కించిన ప్రొటీన్ ముక్క, ఎక్కడిదో చూడు. పొట్టి రూపానికి ముందు వైపు టీపీఆర్ రిపీట్లు (మళ్లీ మళ్లీ వచ్చే ఒకే తరహా భాగాలు) చాలావరకు ఉండవు, కాబట్టి ఎన్-టెర్మినల్ (ప్రొటీన్ మొదలు) చివర నుంచి చేసిన యాంటీబాడీకి అది కనిపించదు. సీ-టెర్మినల్ (ప్రొటీన్ వెనక చివర) మూడింటికీ ఉమ్మడి.

పాలీక్లోనల్ అంటే ఫలానా కుందేలు సీరమ్. ఆ కుందేలు తర్వాత ఇంకో కుందేలు, అదే పెప్టైడ్ ఇచ్చినా దాని యాంటీబాడీలు దానివే. అందుకే లాట్ మారిన ప్రతిసారీ నాక్‌డౌన్ చేసి, అంటే కణాల్లో ఆ ప్రొటీన్‌ని తగ్గించి, చూసుకోవాల్సిందే. జీన్‌నే చెడగొట్టే క్రిస్పర్ జోలికి పోకు, ఓజీటీ పూర్తిగా పోతే కణాలు బతకవు. ఉమ్మడి భాగానికి రెండు వేర్వేరు ఎస్ఐఆర్ఎన్ఏలు (ప్రొటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏలు) వేసి 72 గంటలు ఆగు. 110 తగ్గి 78 అలాగే ఉంటే అది వేరే ప్రొటీన్ అనే అనుకో. రెండూ తగ్గితే పొట్టి రూపమో, 110 ముక్కో ఇంకా తేలనట్టే, అప్పుడు ప్రొటియేజ్ ఇన్‌హిబిటర్లతో (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపేవి) ఐసు మీద కణాల్ని పగలగొట్టి తాజాగా లైసేట్ చేసి మళ్లీ చూడాలి.

పెప్టైడ్ బ్లాకింగ్‌తో (యాంటీబాడీకి ముందే ఆ ఇమ్యునోజెన్ పెప్టైడ్ కలిపి బ్యాండ్ పోతుందా అని చూడటం) మాత్రం సరిపెట్టుకోకు. ఆ పెప్టైడ్‌కి అంటుకునే యాంటీబాడీలే వేరే ప్రొటీన్‌నీ పట్టుకుంటుంటే ఆ తప్పుడు బ్యాండ్ కూడా మాయమైపోతుంది. అది తెలియక నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

కృష్ణాతీరం:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. ఇమ్యునోజెన్ సీ-టెర్మినల్‌ది. పాత వయల్ అడుగున ఓ ఐదు మైక్రోలీటర్లు మిగిలితే ఒకే మెంబ్రేన్‌ని రెండుగా కోసి రెండు లాట్లూ పక్కపక్కన పెట్టాను. రెండు ఎస్ఐఆర్ఎన్ఏలతోనూ 110 బ్యాండ్ సన్నటి గీతలా అయిపోయింది, కొత్త లాట్‌లో 78 ఇసుమంత కూడా కదల్లేదు. బ్లాట్ బొమ్మ, లాట్ నంబర్లు కంపెనీకి పంపాను. చాలా థాంక్స్ అన్నా, సార్ కూడా 78ని లెక్కలోంచి తీసేయమన్నారు.