సిమ్ ఉంచాలా తీసేయాలా: స్పీడ్ టెస్ట్ నంబర్ చాలా?

ఎర్రముక్కపల్లె కుర్రాడు, కడప:
ఇంట్లో రెండు సిమ్‌లు ఉన్నాయి. స్పీడ్ టెస్ట్‌లో ఒకటి 40 ఎంబీపీఎస్, ఇంకోటి 12 చూపిస్తోంది. చెల్లెలు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలి. 12 వచ్చేది తీసేద్దామంటే, పేజీలు దాంట్లోనే తొందరగా తెరుచుకుంటున్నాయని నాన్న ఒప్పుకోవడం లేదు. నంబర్ ఎదురుగా కనిపిస్తుంటే ఇంకా వాదనెందుకు?

నెట్‌సెంటర్ అన్న, అనంతపురం:
మీ నాన్న చెప్పిందే నిజం తమ్ముడూ. స్పీడ్ టెస్ట్ దగ్గర్లోని సర్వర్‌ను వెతుక్కుని, మామూలుగా ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి డేటా లాగుతుంది. సినిమా డౌన్‌లోడ్‌కు ఆ లెక్క పనికొస్తుంది. వెబ్ పేజీ అలా రాదు. ముందు సైట్ల అడ్రస్ పుస్తకం లాంటి డీఎన్ఎస్‌ను సైట్ అడ్రస్ అడగాలి, తర్వాత సర్వర్‌తో మాట కలిపే టీసీపీ కనెక్షన్, ఆపైన ఆ మాటల్ని రహస్యంగా ఉంచే టీఎల్ఎస్ భద్రత, అప్పుడు గానీ పేజీ అడగడం కుదరదు. టీఎల్ఎస్‌లో వేగమైన కొత్త రూపం 1.3 అయినా సరే, కొత్త సైట్‌లో మొదటి అక్షరం కనబడే లోపు ఫోన్ నుంచి సందేశం నాలుగుసార్లు పోయి రావాలి. ఒక్కో రాకపోకకు 50 మిల్లీసెకన్లయితే 200తో సరి. 300 అయితే సెకను పైనే ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి. ఫాంట్లు, ప్రకటనలు వేరే సర్వర్ల నుంచి రావాలంటే మళ్లీ అదే తంతు. 40ని 80 చేసినా ఈ ఆలస్యం తగ్గదు.

కర్నూలు 5జీ:
స్పీడ్‌ను అంత తేలిగ్గా తీసిపారేయకన్నా. ఫొటోలు నిండిన పేజీకి అదీ కావాలి. కేంద్ర టెలికాం శాఖ 2023లో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు ఊరికే పెంచిందా?

నెట్‌సెంటర్ అన్న, అనంతపురం:
నిజమే, 2 కన్నా తగ్గితే నేనూ స్పీడ్ వైపే. ఇక్కడ పంచాయితీ 12కీ 40కీ మధ్య. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నియమాల్లో ఆలస్యానికీ పరిమితి పెట్టింది, అదీ చూడు.

తమ్ముడూ, వైఫై ఆపి, రాత్రి అందరూ వీడియోలు చూసే టైములో కౌన్సెలింగ్ సైట్‌నే రెండు సిమ్‌లతో తెరువు. ప్రైవేట్ విండోలోనే తెరవాలి, లేదంటే ఫోన్‌లో ముందే దాచుకున్న ముక్కలు వచ్చి లెక్క తప్పుతుంది. ఫోన్‌ను కాసేపు పక్కన పెట్టి కూడా చూడు. డేటా వాడనప్పుడు టవర్‌తో లింకు వదిలేస్తుంది, అది మళ్లీ కలిసేదాకా మొదటి క్లిక్ ఆగుతుంది. సగటు తీయొద్దు, బాగా లేటైన సార్లనే పోల్చు. గూగుల్ కూడా పేజీలో ముఖ్యమైన భాగం నూటికి 75 సార్లయినా 2.5 సెకన్లలోపు కనిపించాలంటుంది. ఆఖరి రోజు ఆప్షన్లు సేవ్ కాకపోతే ఆ టెన్షన్ పడేది మీ చెల్లెలే. అప్పటిదాకా ఏ సిమ్మూ తీయొద్దు.