అద్దె ఇంటి పెరట్లో కర్ర పందిరి, దడి: ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోయేలా ఎలా కట్టాలి?

పెరటిపిచ్చి, విజయవాడ:
ఈ మధ్యే గ్రౌండ్ ఫ్లోరులో అద్దెకి దిగాం. వెనక మంచి పెరడుంది. ఒక పక్క ప్రహరీ లేదు, అవతల ఖాళీ సైటు. అందులోంచి మేకలూ కుక్కలూ దర్జాగా వచ్చి పోతున్నాయి. ఆ పక్కన 4 అడుగుల దడి, మధ్యలో బీర, దొండ పాకడానికి 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున పందిరి వేసుకోవాలని ఉంది. రెండూ కర్రతోనే. అగ్రిమెంటు మామూలు 11 నెలలది. ఓనరు గారు మేడ మీదే ఉంటారు. మంచివాళ్ళే కానీ గోడకి మేకు కొట్టిన చప్పుడు వినిపిస్తే చాలు, కిందకి దిగి వస్తారు. ఇల్లు మారినప్పుడు అంతా విప్పి ఆటో ట్రాలీలో వేసుకుని పోవాలి. ఇలా కట్టుకున్నవాళ్ళుంటే ఏ కర్ర కొన్నారో, చెదలకి ఏం చేశారో చెప్పండి.

సర్వీబాది, చీరాల:
టేకు జోలికి పోకండి, అద్దె ఇంటికి అంత ఖర్చు దండగ. మన కోస్తాలో సర్వీ (సరుగుడు) బాదుల్లా చవగ్గా, తిన్నగా దొరికే కర్ర ఇంకోటి లేదు. గుంజలకి 3 అంగుళాల లావువి, పైన వాసాలకి 2 అంగుళాలవి అడితిలో మీరే నిలబడి ఏరుకోండి. సెంట్రింగు వాళ్ళు వాడి పక్కన పెట్టినవి దొరికితే ఇంకా మంచిది. బాగా ఎండి ఉంటాయి, వంకర తిరిగేవేవో ఈపాటికి తిరిగిపోయి ఉంటాయి. పచ్చివి కొంటే ముందు బెరడు చెక్కేయండి, పురుగు చేరేది దాని కిందే. తర్వాత ఇటుకల మీద పేర్చి నీడలో ఆరబెట్టండి. ఎండలో పడేస్తే కొసలు చీలతాయి. కొసల దగ్గర బైండింగ్ వైరు గట్టిగా చుట్టి ఉంచితే చీలిక లోపలికి పాకదు.

మేకులు అసలు వద్దు. 10 ఎంఎం నట్లు బోల్టులు వాడండి. అయితే గుండ్రటి కర్ర మీద గుండ్రటి కర్ర నిలవదు కాబట్టి, గుంజ తల దగ్గర రంపంతో అర అంగుళం లోతు కోసి ఉలితో చదును చేయాలి. వాసం ఆ గాట్లో కుదురుగా కూర్చోవాలి. బరువు మోసేది గాటు, బోల్టు ఊరికే పట్టుకుని ఉంటుందంతే. చాలామంది బోల్టు మీదే భారం వేస్తారు, కాయలు దిగే వేళకి ఆ రంధ్రం సాగిపోతుంది. రెండు వైపులా వాషర్లు వేయండి. ఓ నెల పోయాక స్పానరు పట్టుకుని మళ్ళీ బిగించండి. కర్ర ఆరేకొద్దీ సన్నబడుతుంది, బోల్టు వదులవుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. సర్వీకి బలం బాగానే ఉంటుంది కానీ మట్టిలో పాతితే చెదలు వదలవు.

కిరాయి బతుకు, ఉప్పల్:
అందుకే నేను పాతలేదన్నా. పైగా మా దగ్గర అడుగు లోతు తవ్వితే బండే, గడ్డపార ఠంగుమంటది. 20 లీటర్ల పెయింటు బకెట్లు నాలుగు తీసుకున్నాను. అడుగున పెద్ద రంధ్రం చేసి, సరిగ్గా దాని మీద 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, చుట్టూ కాంక్రీటు పోశాను. పైపు లోపలికి కాంక్రీటు రాకుండా చూసుకోవాలి. అడుగున గుప్పెడు కంకర వేసి గుంజ దించి, సందుల్లో చెక్క ముక్కలు దిగగొడితే కదలదు. పడ్డ వాన కింది రంధ్రంలోంచి పోతుంది, గుంజ మొదలు నీళ్ళలో నానదు. గుంజ చుట్టూ నేరుగా సిమెంటు పోసేవాళ్ళని చూస్తుంటాను. కర్ర ఆరి సన్నబడగానే ఆ సందులో నీళ్ళు నిలిచి, సరిగ్గా నేల మట్టం దగ్గరే కుళ్ళుతుంది. బకెట్టు పద్ధతిలో ఆ బాధ లేదు. ఒక్కోటి దాదాపు 45 కిలోలు తూగుతుంది. ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. కిరాయి ఇల్లు మారినప్పుడు పందిరి కూడా నాతోనే మారింది.

బీచ్‌రోడ్డు, విశాఖ:
నాలుగు బకెట్లు కలిపి 180 కిలోలు. ఉత్త కర్రలకైతే చాలు. ఆకు కమ్ముకున్న పందిరి మాత్రం గాలికి తెరచాపే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ ఏం జరిగిందో చూసినవాళ్ళెవరూ గాలిని తేలిగ్గా తీసుకోరు. తుపాను దాకా ఎందుకు, వేసవిలో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలి చాలు పందిరిని పక్కకి వాల్చేయడానికి. బకెట్లని సగం దాకా నేలలో దించండి. వెళ్ళేటప్పుడు పైకి తీసి మట్టి పూడ్చేయడం పెద్ద పనేం కాదు. ఉప్పల్ బండ మీద కుదరకపోతే బకెట్ల చుట్టూ రాళ్ళు పేర్చండి.

ఇంకా ముఖ్యం ఊతలు. గుంజకీ వాసానికీ మధ్య మూలల్లో ఏటవాలుగా 2 అడుగుల కర్ర ముక్క రెండు వైపులా బోల్టు చేయాలి. నాలుగు గుంజలు, నాలుగు వాసాలు ఎంత లావువి వేసినా ఊత లేకపోతే ఆ చట్రం పక్కకి ఒరుగుతుంది. పది మంది పందిళ్ళు వేస్తే ఊతలు పెట్టేది ఇద్దరు. తుపాను హెచ్చరిక వస్తే మొహమాటపడకుండా తీగ కోసేయండి, చట్రం మిగులుతుంది.

లా పాయింటు, హైదరాబాద్:
కర్రల సంగతి మీరు చూసుకుంటున్నారు, కాగితం సంగతి నేను చెప్తాను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో సెక్షన్ 108 ఉంది. దాని (హెచ్) క్లాజు ప్రకారం, అద్దెకున్నవాళ్ళు తాము నేలకి బిగించినవన్నీ తీసుకుపోవచ్చు. కానీ ఇల్లు ఇంకా తమ స్వాధీనంలో ఉన్నప్పుడే తీసేయాలి, స్థలాన్ని ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలి. తాళాలు ఇచ్చేశాక 'నా పందిరి నాకివ్వండి' అంటే కుదరదు. (పి) క్లాజు ఓనరు అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కట్టకూడదంటుంది, వ్యవసాయ అవసరాలకి తప్ప. బోల్టు పందిరి శాశ్వత కట్టడం కాదని మీరు వాదించొచ్చు. సిమెంటు దిమ్మెలు పోసి పాతారంటే మీ వాదన నీరసపడుతుంది.

ఇవన్నీ అగ్రిమెంటులో వేరే మాట లేనప్పుడే వర్తిస్తాయి. 'అద్దెదారు చేసిన మార్పులన్నీ ఓనరుకే చెందును' అనే లైను చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది, స్టాంపు కాగితం టైపు చేసేవాళ్ళ దగ్గరే రెడీగా ఉంటుంది. ముందు మీది తీసి చదవండి. ఆ లైను ఉన్నా లేకపోయినా, కట్టేముందు స్థలం ఫొటో తీసి 'ఇక్కడ పందిరి వేసుకుంటాం, వెళ్ళేటప్పుడు తీసుకెళ్తాం' అని ఓనరుకి వాట్సాప్ పెట్టండి. ఆయన 'సరే' అన్నది దాచుకోండి. అడ్వాన్సు వాపసు రోజున అదే అక్కరకొస్తుంది.

దొండపాదు, తెనాలి:
ఓనర్లకి కర్రతో పేచీ ఉండదమ్మా, తీగతోనే. పాదు కింద పాములు చేరతాయని, గోడకి చెమ్మ పడుతుందని, మేడ మీదకి చీమలు పాకుతాయని. మా ఓనరమ్మ ఈ మూడూ అన్నారు. గోడకి 2 అడుగులు ఎడం ఉంచి కట్టాం, కింద చెత్త లేకుండా ఊడ్చి పెట్టాం. మొదటి కోత కాయలు ఆవిడకే పంపించాం, ఇక మాట్లాడలేదు. అన్నట్టు పందిరి ఎత్తు ఆరున్నర అడుగులకి తగ్గించకండి. పొట్ల వేస్తే కాయ వేలాడడానికి చోటు కావాలి, సొరకాయ నెత్తికి తగలకూడదు.

చేతికొచ్చిందిచేస్తా, గుంటూరు:
చెదలకి మా మెకానిక్ షెడ్డులో వాడేసిన ఇంజన్ ఆయిలు పూస్తాం. ఖర్చు లేదు.

సర్వీబాది, చీరాల:
దడి గుంజకైతే చూద్దాం కానీ బీరపాదు మొదట్లో ఆ ఆయిలు వద్దండీ. వాన పడితే మట్టిలోకే దిగుతుంది, తినేది మనమే. చెదల మందులకీ నా మాట అంతే. మొదలు కాల్చి పాతడం మా నాన్నగారి కాలం నుంచీ ఉంది, కొంత ఆలస్యం చేస్తుంది గానీ ఆపదు. కర్ర మట్టిని తాకకుండా ఉంచి, అప్పుడప్పుడు మొదట్లో చూస్తుండండి. చెద కంటపడకుండా పైకి రావాలంటే మట్టితో సొరంగం కట్టుకోవాలి. ఆ మట్టి గీత కనపడగానే గీకేస్తే సరి.

కోతులఊరు, కరీంనగర్:
మీకు మేకలే కదా, అదృష్టవంతులు. మా పందిరి మీద కోతులు కూర్చుని మీటింగులు పెడతాయి.

డాలస్ మల్లెతీగ:
ఇక్కడ అద్దె ఇంటికి దడి అంటే ఓనరు ఒప్పుకున్నా హెచ్‌ఓఏ, అంటే కాలనీలో ఇళ్ళ ఓనర్ల సంఘం, ఒప్పుకోవాలి. ఎత్తు, రంగు కూడా వాళ్ళే చెప్తారు. గుంత తవ్వాలంటే కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చేయాలి, వాళ్ళు వచ్చి గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో నేల మీద రంగుతో గుర్తు పెట్టి పోతారు. అవన్నీ పడలేక పెద్ద చెక్క తొట్లు చేసి, వాటికే సీడారు గుంజలు బిగించి సొరపాదు పాకించాం. మట్టి బరువే పందిరిని పట్టుకుంటుంది. విజయవాడలోనూ పనికొస్తుంది కదా అని చెప్తున్నా.

పెరటిపిచ్చి, విజయవాడ:
అందరికీ థాంక్స్. ఓనరు గారితో మాట్లాడాను. పందిరి ఈశాన్యం మూలకి వద్దన్నారు, నైరుతి వైపు వేసుకోమన్నారు. అటు మధ్యాహ్నం ఎండ బాగా తగులుతుంది, తీగకి నష్టం లేదు. వాట్సాప్‌లో 'ఓకే' కూడా పెట్టారు, పక్కన దణ్ణం బొమ్మతో. అగ్రిమెంటులో లా పాయింటు గారు చెప్పిన లైను నిజంగానే ఉంది! అందుకే 'తీసుకెళ్తాం' అన్న మాట స్పష్టంగా రాసి పంపాను. పందిరికి బకెట్లు సగం పాతుతాం. ఇక దడి సంగతి. దానికీ బకెట్లంటే చాలా అవుతాయి.

సర్వీబాది, చీరాల:
దడికి అక్కర్లేదు, దాని మీద బరువేం ఉండదు. 6 అడుగులకో ఇనుప యాంగిల్ ముక్క సుత్తితో నేలలోకి 2 అడుగులు దింపండి. నేల పైన ఉన్న భాగానికి సర్వీ గుంజని బోల్టు చేయండి, గుంజ అడుగు నేలకి 2 అంగుళాలు పైనే ఆగాలి. వెదురు దబ్బలతో 6 అడుగుల తడకలు అల్లించి గుంజలకి బైండింగ్ వైరుతో కట్టేయండి. వైరు కత్తిరిస్తే తడక చేతికి వస్తుంది, యాంగిల్ ఊపి లాగితే వస్తుంది. వెదురు కొనేటప్పుడు దులిపి చూడండి. పిండిలాంటి పొడి రాలితే లోపల పుచ్చినట్టే. మా వైపు కొత్త బొంగుల్ని కొన్ని వారాలు చెరువులో నానేసి ఆరబెడతారు, పురుగుకి తిండి అయ్యే పిండి పదార్థం నీళ్ళలోకి పోతుంది. సైటు హద్దు ఎక్కడో ఓనరుని అడిగి, అరడుగు లోపలికే వేయండి. అవతలి స్థలం వాళ్ళు ఎప్పుడొస్తారో తెలీదు.

పెరటిపిచ్చి, విజయవాడ:
యాంగిల్ ఐడియా బాగుందండీ. ఆఖరిది ఒకటి. దొండ ఏళ్ళ తరబడి ఉంటుంది కదా, ఇల్లు మారినప్పుడు పాదు ఎలా తీసుకెళ్ళాలి?

దొండపాదు, తెనాలి:
పాదు పీకి నాటితే బతకడం కష్టం. బాగా కాస్తున్న తీగలో ముదురు భాగం, పెన్సిలు లావుది, నాలుగు కణుపులుండేలా కోసి కవర్లలో నాటుకోండి. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. ఖాళీ చేయడానికి నెల ముందే మొదలుపెడితే దిగే సమయానికి చిగుళ్ళొస్తాయి. పాత పాదు ఓనరు గారికి వదిలేయండి, కాయలు తింటారు.

కిరాయి బతుకు, ఉప్పల్:
బకెట్లు షాపులో కొనకన్నా. ఎక్కడైనా ఇంటికి రంగులు వేస్తుంటే పెయింటర్లని అడుగు, ఖాళీవి ఉత్తగనే ఇస్తారు. పగుళ్ళు లేనివి చూసుకో.