ఘంటసాల మాస్టారి గొంతు నిజంగా మూడు స్థాయిలా? అంకెల్లో తేల్చడం ఎలా?

గాత్రప్రియ:
మాస్టారు మూడు స్థాయిల్లోనూ అవలీలగా పాడేవారని అభిమానులం అందరం అంటుంటాం. అది హెర్ట్జ్‌లలో ఎంతో రాసి పెట్టుకుందామని ఒక పౌరాణిక చిత్రంలోని పద్యం వీడియో తీసుకుని, శ్రుతి చూపించే యాప్‌లో నడిపాను. అన్నిటికన్నా కింద 52, అన్నిటికన్నా పైన 577 వచ్చింది. ఒక్కో స్థాయి ఎక్కితే హెర్ట్జ్ అంకె రెట్టింపవుతుంది కాబట్టి, అంటే దాదాపు మూడున్నర స్థాయిలు! పద్యం మొదట్లో వినపడే తంబురా షడ్జం (ఆధార స్వరం "స") 144 దగ్గర ఉంది. ఈ లెక్కను నమ్మవచ్చా? నమ్మకూడదంటే ఎక్కడ తప్పిందో, మళ్లీ ఎలా కొలవాలో చెప్పగలరా?

మంద్రపంచమం:
ముందు మాట తేల్చుకుందాం అండీ. "మూడు స్థాయిల్లో పాడటం" వేరు, "మూడు స్థాయిల వెడల్పు" వేరు. మన అభిమానుల వాదనలన్నీ ఇక్కడే దారి తప్పుతాయి.

కర్ణాటక గాత్రంలో మంద్ర పంచమం (కింది స్థాయి "ప") నుంచి తార పంచమం (పై స్థాయి "ప") దాకా గొంతు నిండుగా పలికితే చాలా మంచి గాత్రం అంటారు. అందులో మంద్ర, మధ్య, తార స్థాయిలు మూడూ తగులుతాయి కాబట్టి "మూడు స్థాయిల్లో పాడాడు" అన్నమాట నిజమే. కానీ కింది పంచమానికీ పై పంచమానికీ మధ్య దూరం రెండు స్థాయిలే. ఒకటిన్నర శ్రుతిలో (హార్మోనియం మెట్లతో చెప్పే ఆధార శ్రుతి ఇది) చూడండి: మధ్య షడ్జం 138.6, మంద్ర పంచమం సుమారు 104, తార పంచమం సుమారు 415. నాలుగు రెట్లు, అంటే రెండు స్థాయిలు. అదే శ్రుతిలో మూడు స్థాయిల వెడల్పు రావాలంటే మంద్ర పంచమం నుంచి 830 దాకా వెళ్లాలి. ఆ ఎత్తు మగ గొంతు నిండు స్వరంతో అందుకునేది కాదు.

కాబట్టి మాస్టారికి మూడు స్థాయిల వెడల్పు లేదంటే ఆయన్ని తక్కువ చేసినట్టు కాదు. పెద్దలు అన్న మాటకు అసలు అర్థం వేరు. ఏ స్థాయిలోకి వెళ్లినా గొంతు పలచబడకుండా, మాట చెదరకుండా ఉండటం. ఆ గుణం ఆయనలో పుష్కలంగా ఉంది.

వెడల్పును అర్ధస్వరాల్లో (ఒక స్థాయికి 12) రాయండి. పై సంఖ్యను కింది సంఖ్యతో భాగించి, వచ్చినదాని లాగరిథమ్‌ను 2 లాగరిథమ్‌తో భాగించి, 12తో గుణించాలి. 104 నుంచి 370 దాకా అయితే 22 అర్ధస్వరాలు. స్వరాల పేర్లతో వాదించుకునే కన్నా ఇది తేలిక.

పాతరికార్డు:
గాత్రప్రియ గారూ, మీరిచ్చిన మూడు అంకెలూ కలిపి చూస్తే సంగతి చాలావరకు తెలిసిపోతుంది. మీ ఫైలు వేగం పెరిగిన ఫైలు.

సినిమా తీసేది, ఆడించేది సెకనుకు 24 ఫ్రేములు. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్, 25 ఫ్రేములు. టీవీకి, వీసీడీకి, డీవీడీకి ఎక్కించేటప్పుడు చాలాసార్లు సినిమాను నేరుగా 25తో నడిపేశారు. దాంతో వేగం 4 శాతం పైగా పెరుగుతుంది, శ్రుతి 0.7 అర్ధస్వరం పైకి జరుగుతుంది. 6 నిమిషాల పాట 5 నిమిషాల 46 సెకన్లకే అయిపోతుంది. మీ షడ్జం 144 అన్నారు. అది ఒకటిన్నరకూ (138.6) రెండుకూ (146.8) మధ్య పడింది. హార్మోనియం మెట్ల మధ్య శ్రుతి పడితే మొదట వేగాన్నే అనుమానించాలి. 144ను 1.0417తో భాగించండి, 138కి వస్తుంది. ఒకటిన్నర శ్రుతి!

ఇక 52 సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత సౌండ్ ట్రాకులో దాని రొద సన్నగా ఉంటుంది. 50ని 1.0417తో గుణిస్తే 52.1. మీ యాప్ "అతి కింది స్వరం" అని చూపించింది బహుశా ఆ రొదనే. గొంతు ఆగిన చోట్ల కూడా 52 దగ్గర గీత కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. రొద కచ్చితంగా 50 దగ్గరే ఉంటే మాత్రం తొందరపడకండి, అది ఆ తర్వాత కాపీ తీసేటప్పుడు చేరినది కూడా కావచ్చు.

సరిచేయడానికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగం మార్చే ఎఫెక్ట్ తీసుకుని మైనస్ 4 శాతం ఇవ్వండి. టెంపో మార్చేది తీసుకుంటే నిడివి మారుతుంది గానీ శ్రుతి కదలదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. తర్వాత అదే పాట గ్రామఫోన్ కంపెనీ విడుదల చేసిన ఆడియోలో దొరికితే నిడివి, శ్రుతి రెండూ పోల్చుకోండి. రికార్డు కోసం పాటను కుదించి ఉండొచ్చు కాబట్టి మొత్తం నిడివి కాకుండా ఒక చరణాన్ని పోల్చాలి. కొన్ని వీడియోల్లో అప్‌లోడ్ చేసినవాళ్లే శ్రుతిని కావాలని ఒక అర్ధస్వరం అటూ ఇటూ జరుపుతారు. వాటిని కొలతకు వాడకండి.

గాత్రప్రియ:
చూశాను. పద్యం ఆగి తంబురా మాత్రమే ఉన్నచోట కూడా 52 దగ్గర గీత అలాగే ఉంది! వేగం తగ్గించాక అది 50కి దిగింది, షడ్జం ఒకటిన్నర మీద కూర్చుంది. మరి 577 ఏమిటి? సవరించాక 554 అయింది.

స్వరరేఖ:
554 అంటే ఒకటిన్నర శ్రుతిలో తార షడ్జానికి (277) సరిగ్గా రెట్టింపు. సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే రెండే కారణాలు. ఒకటి, పద్యం చివర గొంతు వెంట వచ్చే వయొలిన్ ఒక స్థాయి పైన అదే స్వరాన్ని పట్టి ఉంటుంది. రెండోది, యాప్ అసలు స్వరాన్ని వదిలేసి దానితో పాటే పుట్టే రెట్టింపు ధ్వనిని (రెండో ఉపస్వరాన్ని) పట్టుకుని ఉంటుంది. పాత మోనో రికార్డింగుల్లో రెండూ మామూలే.

ఫోన్ యాప్‌లు పక్కన పెట్టండి. కంప్యూటర్‌లో ప్రాట్ గానీ సోనిక్ విజువలైజర్ గానీ ఉచితంగా దొరుకుతాయి. శ్రుతి వెతికే పరిధిని కింద 70, పైన 500 హెర్ట్జ్‌గా పెట్టండి. పరిధి మరీ వెడల్పుగా ఉంటే ఇలా స్థాయి తప్పుతుంది, మరీ ఇరుకుగా ఉంటే నిజమైన పై స్వరాన్నే సగం చేసి చూపిస్తుంది. సుశీల గారితో యుగళగీతమైతే ఆమె పంక్తులను విడిగా కత్తిరించి పై హద్దు 1000కి పెంచాలి.

అనుమానం వచ్చిన ప్రతి స్వరాన్నీ స్పెక్ట్రోగ్రామ్‌లో (ధ్వనిలోని హెర్ట్జ్‌లను గీతలుగా చూపే బొమ్మలో) కంటితో చూడండి. గీతలు 208, 312, 416 దగ్గర కనిపిస్తే వాటి మధ్య ఎడం 104, కాబట్టి పాడిన స్వరం 104. 104 దగ్గర గీత దాదాపు లేకపోయినా అంతే. పాత సౌండ్ ట్రాకులో, చిన్న స్పీకర్లలో ఆ కింది గీత సన్నగిల్లుతుంది. చెవి మాత్రం మిగతా గీతల నుంచి దాన్ని పూరించుకుంటుంది. మాస్టారి మంద్రం ఫోన్‌లో విన్నా నిండుగా అనిపించడంలో దీని పాత్ర కొంత ఉంది.

ఏ స్వరాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. కంపిత గమకంలో గొంతు అసలు స్వరాన్ని దాటి పైకి ఊగి వస్తుంది. ఆ ఊపు కొసను "అందుకున్న స్వరం" అనకూడదు. కనీసం పావు సెకను నిలిచిన స్వరాలనే రాయండి, తాకి వచ్చినవాటికి వేరే గడి పెట్టండి. దర్బారీ కానడ రాగంలో గాంధారం ("గ") ఊగుతూనే పలుకుతుంది కాబట్టి దానితో శ్రుతి నిర్ణయించకండి. షడ్జ పంచమాల దగ్గర చూడండి.

గొంతును వాద్యాల నుంచి విడదీసే సాఫ్ట్‌వేర్లు వాడొచ్చు గానీ, వయొలిన్ గొంతుతో పాటే నడిచినచోట అవి తడబడతాయి, దాని ముక్కలు గొంతు ట్రాకులోనే మిగిలిపోతాయి. అంతకన్నా పద్యాలే మేలు. తాళం ఉండదు, శ్రుతి తప్ప పెద్దగా వాద్యాలు మోగవు, చివర ఆకారంతో రాగం సాగుతుంది. కొలతకు ఇంతకన్నా శుభ్రమైన సరుకు లేదు.

యతిప్రాస:
కొలతలన్నీ బాగున్నాయి. నా దృష్టిలో పై స్వరం ఎంతన్నదాని కన్నా అది ఏ అచ్చు మీద పలికిందన్నది ముఖ్యం. "ఆ" మీద నోరు తెరిచి తార మధ్యమం అందుకోవడం ఒక ఎత్తు. అదే స్వరాన్ని "ఇ" మీదో "ఉ" మీదో మాట పోకుండా పలకడం ఇంకో ఎత్తు, నోరు ముడుచుకుంటుంది కాబట్టి గొంతు బిగుసుకుపోతుంది. మీ పట్టికలో స్వరం పక్కన అచ్చు కూడా రాయండి. అలాగే నిండు గొంతా, దొంగగొంతా (పై స్వరాలకు వాడే పలచని గొంతు, ఫాల్సెటో) అన్నది. దొంగగొంతైతే స్పెక్ట్రోగ్రామ్‌లో పై గీతలు ఒక్కసారిగా పలచబడతాయి.

రంగస్థలం మీద మైకు లేని రోజుల్లో చివరి వరుసకు వినపడాలని నటులు ఎత్తు శ్రుతిలో పద్యం అందుకునేవారు. మాస్టారు మైకు కోసం దాన్ని దించారు, రాగం కుదించారు, యతి దగ్గర విరుపును భావానికి తగ్గట్టు మార్చారు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చిన గాత్రం ఉండీ, దాన్ని ప్రదర్శించకుండా మాటకు అప్పగించారు. అందుకే ఆయన పద్యాల్లో అతి ఎత్తు స్వరాల కోసం వెతికేవారికి అనుకున్నంత దొరకదు. "పుష్పవిలాపం" వినండి, గొప్పతనమంతా మధ్యస్థాయిలోనే ఉంటుంది.

మంద్రం బలాన్ని మాత్రం శబ్దం పరిమాణంతో అంచనా వేయకండి. మైకుకు దగ్గరగా పాడితే కింది ధ్వని దానంతటదే పెరుగుతుంది. మంద్రంలో "భ", "ధ" లాంటి ఒత్తక్షరాలు స్పష్టంగా విడివడుతున్నాయా, పంక్తి చివరి అక్షరం దాకా ఊపిరి నిలిచిందా, అది చూడండి.

మంద్రపంచమం:
మంద్రం కోసమైతే 1961 నాటి "జగదేకవీరుని కథ"లో సంగీత దర్శకులు పెండ్యాల గారు దర్బారీ కానడలో కట్టిన "శివశంకరీ" తీసుకోండి. ఆ రాగం సహజంగా మంద్రంలోకి దిగేది. చివర్లో వేగంగా వచ్చే తరానా భాగం తాకిన స్వరాల గడిలోకి వెళ్తుంది, నిలిపిన ఆలాపన మాత్రమే అసలు కొలతకు.

గాత్రప్రియ గారూ, 1950లవి రెండు, 1960లవి రెండు, చివరి రోజుల్లో చేసిన భగవద్గీత నుంచి రెండు శ్లోకాలు చాలు. ఒక్కోదానికి వేగం సరిచూశాక కింది స్వరం, పై స్వరం, ఎక్కువసేపు గొంతు నిలిచిన మూడు స్వరాలు రాసి ఇక్కడ పెట్టండి. ఫైళ్లు ఎక్కడివో కూడా చెబితే మేం విడిగా కొలిచి పోల్చి చూస్తాం.