ఢిల్లీ యూనివర్సిటీలో సీటు వచ్చింది, రేపు సాయంత్రంలోగా చెప్పాలి. వెళ్లమంటారా?

సాంచాల ఇంటి పిల్ల అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది సిరిసిల్ల. బాపు ఆసామి, అంటే సేటు ఇచ్చే కూలికి గుడ్డ నేయించేవాడు. మాకు ఎనిమిది సాంచాలు (మరమగ్గాలు) ఉన్నాయి. అమ్మ బీడీలు చేస్తుంది. తమ్ముడు తొమ్మిదో తరగతి. నేను బీసీ గురుకులంలో ఇంటర్ ఎంఈసీ చదివాను, 961 వచ్చాయి. మా మ్యాథ్స్ మేడమ్ పట్టుబట్టి సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) రాయించింది. ఢిల్లీ యూనివర్సిటీ రెండో రౌండ్‌లో శ్రీ వేంకటేశ్వర కాలేజీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ సీటు వచ్చింది. రేపు సాయంత్రం 4:59 లోగా పోర్టల్‌లో యాక్సెప్ట్ చేయాలి. చేయకపోతే తర్వాతి రౌండ్లలో కూడా ఇక నా పేరు ఉండదు.

ఇక్కడ దోస్త్‌లో (రాష్ట్ర డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో) కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో బీఏ సీటు ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. ఉప్పల్‌లో మా చిన్నమ్మ వాళ్లు ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి బస్సు ఎక్కినా సాయంత్రానికి ఇంట్లో ఉంటాను.

డబ్బు సంగతి ముందు చెప్తాను. కాలేజీ ఫీజు కట్టగలం. కాలేజీ ఎదురుగా సత్య నికేతన్‌లో పీజీలు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు) అడిగితే, ఇద్దరికి ఒక గది, భోజనంతో కలిపి నెలకు 13 వేలు అన్నారు. ఆర్డర్లు ఉన్న నెలలో బాపుకు 20 వేల దాకా మిగులుతుంది. లేని నెలలో కరెంటు బిల్లుకే సరిపోతుంది. "నువ్వు పోతా అంటే పంపిస్త" అన్నాడు. కానీ ఆ రాత్రి సాంచాలు ఆగిపోయాక కూడా షెడ్డులోనే కూర్చొని ఏదో లెక్క రాసుకుంటున్నాడు. నేను చూశానని ఆయనకు తెలియదు.

డబ్బుకంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది వేరే. గురుకులంలో మా క్లాసుకు 40 మందిమి. ఒక పూట కనపడకపోతే మేడమ్ డార్మిటరీకి వచ్చి "ఏమైంది?" అని అడిగేది. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక్క డిగ్రీకే 70 వేలకు పైగా సీట్లట. అందరూ ఎక్కడెక్కడి ఫస్ట్ వచ్చినవాళ్లో. హిందీ నాకు చదవడం వచ్చు, మాట్లాడితే ఆగి ఆగి వస్తుంది. అక్కడ నేను వెనకబడితే ఎవరికైనా తెలుస్తుందా? వారం నుంచి ఇదే టెన్షన్. అక్కడ చదివినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జనగామ అన్న జవాబు:

చెల్లీ, ముందు కంగ్రాట్స్. నేను 2016లో నార్త్ క్యాంపస్‌లో ఒక కాలేజీలో చేరాను, ఇదే ఎకనామిక్స్ ఆనర్స్. అప్పుడు సీయూఈటీ లేదు, ఇంటర్ మార్కుల కటాఫ్ మీద సీట్లు ఇచ్చేవారు. మా ఊరి నుంచి ఢిల్లీలో చదివింది నేనే మొదట.

నువ్వు అడిగినదానికి సూటిగా జవాబు: లేదు, నువ్వు వెనకబడితే దానంతట అది ఎవరికీ తెలియదు. నువ్వు చెబితేనే తెలుస్తుంది. నా మొదటి సెమిస్టర్ అంతా ఈ సంగతి తెలియకే పోయింది.

మొదటి ఇంటర్నల్ టెస్టులో నాకు 25కి 9 వచ్చాయి. ఇంటర్‌లో మ్యాథ్స్‌లో 150కి 148 వచ్చినవాణ్ని. ఆ పేపరు మడిచి నాలుగు రోజులు జేబులోనే పెట్టుకు తిరిగాను. మా క్లాసులో సగం మందికి ఆ సిలబస్ ముందే తెలిసినట్టు ఉండేది, సీబీఎస్ఈలో 11, 12 తరగతుల్లోనే మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివి వచ్చారు. నేనేమో వాళ్లకు తెలివి ఎక్కువనుకొని చివరి బెంచీకి వెళ్లిపోయాను. నవంబర్ దాకా క్లాసులో నోరు తెరవలేదు.

తర్వాత ఒకరోజు ట్యుటోరియల్‌కు (చిన్న గుంపుగా చెప్పే క్లాసుకు) ముగ్గురమే వచ్చాం, దాక్కోవడానికి చోటు లేదు. మేడమ్ అడిగితే "ఈ గ్రాఫ్‌లో వాలు ఎందుకు మారుతుందో నాకు మొదటి నుంచీ అర్థం కాలేదు" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కొని నలభై నిమిషాలు చెప్పింది. మిగతా ఇద్దరూ రాసుకున్నారు. వాళ్లకీ అర్థం కాలేదని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ప్రతి బుధవారం స్టాఫ్ రూమ్ ముందు నిలబడేవాణ్ని. నాలుగో సెమిస్టర్‌కు క్లాసులో మొదటి పదిమందిలో ఉన్నాను.

70 వేలు అన్నావు కదా, ఆ అంకె చూసి భయపడకు. ఆ సీట్లు అరవైకి పైగా కాలేజీల్లో పంచి ఉంటాయి. నువ్వు రోజూ చూసేది ఒక కాలేజీ, ఒక సెక్షన్, అందులో చిన్న ట్యుటోరియల్ గుంపు. సెమిస్టర్ పరీక్ష మాత్రం యూనివర్సిటీ మొత్తానికి ఒకే ప్రశ్నపత్రం. ఇంకో మాట, డిగ్రీలో చేరగానే ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతామని చాలామంది అనుకుంటారు. ఎకనామిక్స్‌లో అది పోస్ట్ గ్రాడ్యుయేషన్‌కు, పరిశోధనకు. అక్కడికి వెళ్లాలంటే డిగ్రీ అయ్యాక మళ్లీ పోటీ పడాలి.

చదువు బరువు కూడా తెలుసుకో. కొత్త పద్ధతిలో మొదటి సెమిస్టర్‌లోనే ఏడు పేపర్లు. అందులో మూడు మీ ఆనర్స్ సబ్జెక్టువి, వాటిలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వాడకం గట్టిగానే ఉంటుంది. ఎంఈసీ చదివావు కాబట్టి పునాది ఉంది. మూడేళ్లకు ఆనర్స్ డిగ్రీతో బయటికి రావచ్చు, కావాలంటే నాలుగో ఏడు. లెక్క మూడేళ్లకే వేసుకో.

లెక్క నేను వేస్తాను. పీజీకి ఏడాదిలో పది నెలలు అనుకున్నా 1 లక్షా 30 వేలు. ఫీజు, రైలు, మెట్రో, స్వెటర్లు, పుస్తకాలు కలిపితే ఏడాదికి 1 లక్షా 80 వేలకు తగ్గదు. మూడేళ్లకు దాదాపు ఐదున్నర లక్షలు. ఈ అంకె బాపు ముందు పెట్టి మాట్లాడు, ఆయన రాసుకున్న లెక్క కూడా చూడు. చాటుగా ఇద్దరూ వేరువేరుగా బాధపడకండి. పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో మీ కాలేజీ ఉందేమో చూసుకో. ఉంటే తాకట్టు, పూచీకత్తు లేకుండా లోన్ ఇస్తారు, 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల దాకా వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. యూనివర్సిటీలో స్టూడెంట్స్ వెల్ఫేర్ డీన్ ఆఫీసు నుంచి ఆర్థిక సాయం పథకం కూడా ఉంది, చేరాక అప్లై చేయి. కాలేజీకి ఫోన్ చేసి హాస్టల్ అడుగు. దొరుకుతుందని నమ్ముకోవద్దు, ఢిల్లీలో చదివేవాళ్లలో హాస్టల్ దొరికేది కొద్దిమందికే.

సర్టిఫికెట్ ఈరోజే తీసి చూడు. సీటు ఓబీసీ కోటాలో వస్తే మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు. సెంట్రల్ ఫార్మాట్‌లో, నాన్ క్రీమీ లేయర్ అని, ఈ ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది కావాలి. మా జూనియర్ ఒకడికి అడ్మిషన్ ఇక్కడే ఆగింది.

నీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ ఆయాసం ఉందా? నవంబర్‌లో అక్కడి గాలి నిజంగానే కళ్లు మండిస్తుంది. ఆయాసం ఉంటే డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకో.

నిజామాబాద్ అమ్మ జవాబు:

బిడ్డా, మా అమ్మాయి ఢిల్లీలో చేరి ఒక సెమిస్టర్ తర్వాత వెనక్కి వచ్చింది. తెలివితక్కువ పిల్ల కాదు. రోజూ రాత్రి ఫోన్‌లో "బాగున్నా, తిన్నా" అనేది. బతుకమ్మకు రాలేదు, సద్దుల నాడు వీడియో కాల్‌లో మమ్మల్ని చూసి నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఎంత ఏడ్చిందో డిసెంబర్‌లో ఇంటికి వచ్చాక చెప్పింది. పీజీలో గదిలో ఉన్న అమ్మాయి వేరే కాలేజీ, వేరే వేళలు. మూడు నెలలు దాదాపు ఒక్కతే తిన్నది.

నేను పోవద్దు అనడం లేదు. మేం చేసిన తప్పు ఒకటే, "బాగున్నా" అంటే నమ్మి ఊరుకున్నాం. పోతే అమ్మతో ఇప్పుడే ఒక మాట అనుకో: బాగాలేనప్పుడు బాగాలేదనే చెప్తా అని. మా పిల్ల ఇప్పుడు ఇక్కడే బీకాం చదువుతోంది, సంతోషంగా ఉంది. తిరిగి రావలసి వచ్చినా ఇల్లు కూలిపోదు, ఒక ఏడాది పోతుంది.

కోఠిలో చదివిన అక్క జవాబు:

నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో బీఏ చేశాను. చాకలి ఐలమ్మ పేరు పెట్టక ముందు, యూనివర్సిటీ కాక ముందు. అందరూ దాన్ని "లేకపోతే అది ఉంది కదా" అన్నట్టు మాట్లాడుతుంటే బాధేస్తుంది. అక్కడ నాకు చెప్పిన లెక్చరర్లలో ఇద్దరు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. అక్కడి నుంచే హెచ్‌సీయూలో (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో) ఎంఏ ఎకనామిక్స్‌కు వెళ్లాను. ఇప్పుడు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. కోఠి నుంచి ఏ తలుపూ మూసుకుపోదు.

నిన్ను ఒకటి అడగాలి. హెచ్‌సీయూలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, దానికీ సీయూఈటీ స్కోరే. పెట్టావా? అదీ కేంద్ర విశ్వవిద్యాలయమే, గచ్చిబౌలిలో, క్యాంపస్‌లోనే హాస్టళ్లు. అది వస్తే నేనైతే నిన్ను ఢిల్లీకి వెళ్లమనను. రాకపోతే మాత్రం, మ్యాథ్స్‌తో కూడిన ఎకనామిక్స్ మీద నిజంగా ఇష్టం ఉంటే, ఢిల్లీ ఆనర్స్ సిలబస్ మా బీఏ కంటే లోతుగా ఉంటుందని ఒప్పుకుంటాను. మూడు సబ్జెక్టుల బీఏలో ఎకనామిక్స్‌కు అంత చోటు ఉండదు. గ్రూప్స్ రాయాలన్నదే నీ ఆలోచన అయితే కోఠి చాలు, ఐదు లక్షలు మిగులుతాయి. ఏం చదవాలని ఉందో నువ్వు ఎక్కడా రాయలేదు చెల్లె.

సాంచాల ఇంటి పిల్ల:

అక్కా, హెచ్‌సీయూకు పెట్టాను. వెయిటింగ్ లిస్టులో చాలా కింద ఉన్నాను, వచ్చేలా లేదు. గ్రూప్స్ ఆలోచన నాది కాదు, మామయ్యది. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటుంది. మా వీధిలో ఒకే గుడ్డ నేసే ఇద్దరు ఆసాముల్లో ఒకరు సాంచాలు పాత ఇనుము కింద అమ్ముకుంటారు, ఇంకొకరు నిలబడతారు. నూలు ధర, కరెంటు, సేటు ఇచ్చే కూలి ఇద్దరికీ ఒకటే. ఎందుకలా అని బాపును అడిగితే "అదృష్టం" అంటాడు. నాకు ఆ మాట సరిపోవడం లేదు.

జనగామ అన్న:

ఇప్పుడు రాసింది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను అంత పొడుగు జవాబు రాసేవాణ్ని కాదు. వెళ్లు చెల్లీ. ఆ ప్రశ్నను ట్యుటోరియల్‌లో అడుగు.

కాలేజీకి దారి చెప్తాను. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి మెట్రో ఎయిర్‌పోర్ట్ లైన్ ఎక్కి ధౌలా కువాన్‌లో దిగండి. అక్కడి నుంచి పొడవాటి స్కైవాక్ మీద నడిస్తే పింక్ లైన్ స్టేషన్ వస్తుంది. దాని పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. ఆంధ్ర మహిళా సభ పెట్టిన మన దుర్గాబాయమ్మే. బోర్డు మీద ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు నేను అక్కడే కాసేపు నిలబడ్డాను. మీ కాలేజీ కూడా 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిందే, తెలుగు మాట్లాడేవాళ్లు తప్పక తగులుతారు.

సాంచాల ఇంటి పిల్ల:

నిన్న రాత్రి బాపు లెక్క చూశాను. ఆయన ఐదు లక్షల 20 వేలు వేశాడు, అన్న వేసినదానికి దగ్గరే. రెండు సాంచాలు అమ్మాలని కింద రాసుకున్నాడు. వద్దన్నాను, మొదటి ఏడాదికి లోన్‌కే వెళ్దామని ఒప్పించాను. అమ్మకు నిజామాబాద్ అమ్మ రాసింది చదివి వినిపించాను. వారానికి ఒకసారి మంచీచెడూ రెండూ చెప్పాలని ఒట్టు పెట్టించుకుంది.

మధ్యాహ్నం 2:10కి యాక్సెప్ట్ నొక్కాను. సర్టిఫికెట్ సెంట్రల్ ఫార్మాట్‌దే, మే నెలలో తీసింది, ఒకటికి రెండుసార్లు చూశాను. ఆగస్టు 1 నుంచి క్లాసులు. నేను, బాపు జూలై 28న కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాం. ఆ రోజు అదే రైలుకు వెళ్లే ఆడపిల్లలు, సత్య నికేతన్‌లో గదికి తోడు వెతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.